జమ్ములంకలో విరిగిన కొండ

మా ఆఫీసు ఒక పిట్ట కోసం పుట్టింది. ఆ పిట్ట ఇక్కడ పుట్టలేదు, ఇక్కడికి ఎప్పుడూ రాలేదు, రావాలన్న కోరిక దానికి ఉన్నట్టు ఆధారాలు కూడా లేవు. అయినా మాకు బోర్డు ఉంది, సీలు ఉంది, ఉదయం పదిన్నరకి సంతకం పెట్టాల్సిన హాజరు రిజిస్టరు ఉంది. బోర్డు మీద "విదేశీ విహంగ ఆవాస కల్పనా విభాగం, జిల్లా కార్యాలయం" అని రాసి ఉంటుంది. అందులో నేను జూనియర్ అసిస్టెంటుని. నా పేరు సోమయాజులు.

పిట్ట కథ ఇలా మొదలైంది. మన పెద్దలు కొందరు మురుగుకాలవల్లో పూడిక ఎలా తీస్తారో చూసి రావడానికి ఆఫ్రికా వెళ్ళారు. అక్కడ సముద్రమంత చెరువు ఒకటుంది. దాని ఒడ్డున పాపిరస్ అనే గడ్డి రెండు నిలువుల ఎత్తున, నెత్తిన గొడుగు పెట్టుకుని పెరుగుతుంది. తెల్లవారి పడవెక్కి వెళ్తుంటే ఆ గడ్డిలోంచి ఒక పిట్ట కూసిందట. వీపు నలుపు, పొట్ట కుంకుమ ఎరుపు, నడినెత్తి పసుపు, రెక్క మీద తెల్లచార. మొగపిట్ట మొదలుపెడితే ఆడపిట్ట వెంటనే అందుకుంటుంది. వినేవాళ్ళకి ఒక్క పిట్టే కూసినట్టు ఉంటుంది. మా ఇంట్లో ఈ పద్ధతి లేదు కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు నేను కూడా ఆశ్చర్యపోయాను. పెద్దలు తిరిగొచ్చాక పూడిక సంగతి ఎవరికీ గుర్తు లేదు, పిట్ట సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. "ఇంత చిత్తడి నేల ఉండి మనకెందుకు లేదు ఈ పిట్ట?" అని ఒకాయన బల్ల గుద్ది అడిగాడు. ఆ బల్ల చప్పుడులోంచి మా విభాగం పుట్టుకొచ్చింది.

పిట్టకి పేరు పెట్టడానికి ఒక సంఘం వేశారు. వాళ్ళు నాలుగు సమావేశాల తర్వాత "అరుణోదర నళవాసిని" అని ఖాయం చేశారు. జనం మాత్రం గవర్నమెంటు పిట్ట అన్నారు.

పిట్ట గురించిన పుస్తకం మా ఆఫీసులో మొత్తం చదివింది నేనొక్కణ్ణే. ఫ్యాను గాలికి కాయితాలు ఎగరకుండా దాన్ని నా బల్ల మీద పెట్టేవారు, అందువల్ల చదివాను. చివర్లో ఒక ముక్క ఉంది. ఈ పక్షి వలస పోదు, పుట్టిన పాపిరస్ వదిలి పక్క గడ్డిలోకి పోవడానికి కూడా బద్ధకిస్తుంది. ఇది చదివి కంగారుపడి మా డిప్యూటీ డైరెక్టరు పుండరీకాక్షరావు గారికి నోట్ పెట్టాను. ఆయన పచ్చ సిరాతో రాసి పంపారు: "చూడడమైనది. పక్షి అభిప్రాయాన్ని తదుపరి దశలో స్వీకరించవచ్చును."

ఆవాసం కోసం జమ్ములంకని ఎంచుకున్నారు. చిత్తడి మధ్యలో రెండు వందల గడపల లంక అది. మగవాళ్ళు చేపలు పడతారు, ఆడవాళ్ళు తుంగ కోసి చాపలు నేస్తారు. చుట్టూ కరకట్ట. ఆ కట్టకి దక్షిణం వైపు నిరుటి వరదలో గండి పడింది. గండిలోంచి వచ్చిన నీళ్ళలో ఊరు నాలుగు రోజులు మంచాల మీద మంచాలు వేసుకుని బతికింది. బలే నాంచారమ్మ అనే ఆవిడ తోటికోడలు ఆ నీళ్ళలో కొట్టుకుపోయింది.

నాంచారమ్మకి యాభై దాటి ఉంటాయి. సొంత దోనె ఉంది, తన తెడ్డు తనే వేసుకుంటుంది. గండికి ఎదురుగా మొదటి ఇల్లు ఆవిడదే. వారం వారం, సోమవారం నాడు, మా మేడ కింద ఉన్న నీటిపారుదల ఆఫీసుకి వచ్చి గండి ఎప్పుడు పూడుస్తారని అడిగేది. చివరికి ఫిబ్రవరిలో పని మంజూరైంది. ఆ కాగితం పట్టుకుని మేడ మీదికి కూడా వచ్చి, మాకు సంబంధం లేకపోయినా, అందరికీ చూపించి పోయింది.

సరిగ్గా అదే వారంలో నేను పోర్టల్‌లో ఫారం నింపాను.

పిట్టకి ఆవాసం నమోదు చేయడానికి పైనుంచి ఒక పోర్టల్ ఇచ్చారు. పేరు, గ్రామం, గడ్డి రకం అన్నీ నింపుకుంటూ పోయాను. "ఆవాసం సముద్రమట్టానికి ఎంత ఎత్తు" అన్న గడిలో రెండు మీటర్లు అని కొట్టాను. జమ్ములంక ఎత్తు అంతే. ఎర్ర అక్షరాలు వచ్చాయి: "ఈ ఎత్తులో ఈ పక్షి నివసించదు." మూడన్నాను, ఒప్పుకోలేదు. పుస్తకంలో పక్షి ఉండే ఎత్తులేవో వాటినే ఆ గడి తీసుకుంటుందట, తొమ్మిది వందల మీటర్లకి తక్కువైతే ముందుకి కదలదు. లేచి డిప్యూటీ డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

"సోమయాజులు గారూ, కంగారుపడకండి," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఆవాసం అనగా ఏమి?"

"పక్షి ఉండే చోటండి."

"పక్షి ప్రస్తుతం ఎక్కడున్నది?"

"ఆఫ్రికాలోనండి."

"అక్కడ ఎత్తెంత?"

"ఆ చెరువు దగ్గర వెయ్యిన్నూట ముప్పై నాలుగు మీటర్లండి."

"మరి అదియే ఆవాసపు ఎత్తు. ఇందులో సందేహమునకు తావెక్కడ?"

నాకు తావు కనబడింది కానీ ఆయనకి చూపించే ధైర్యం లేకపోయింది. వచ్చి 1134 అని కొట్టాను. గడి పచ్చబడింది, పోర్టల్ నాకు ధన్యవాదాలు చెప్పింది. ఈ పోర్టల్‌ని అన్ని శాఖలకీ కలిపారని, ఒకరు ఎక్కించిన అంకె అందరికీ వేదమని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే కొట్టేవాణ్ణి కాదు అని ఇప్పుడు అంటున్నాను గానీ, కొట్టేవాణ్ణే.

మొదట కదిలింది ఉద్యానశాఖ. కొండ ప్రాంతాల పథకం కింద జమ్ములంకకి వ్యానుడు కాఫీ మొక్కలు దింపి, అవి నీళ్ళు నిలవని ఏటవాలు నేలలో నాటుకోవాలని చెప్పి వెళ్ళిపోయారు. లంకవాళ్ళు ఏటవాలు కోసం చాలాసేపు వెతికి, చివరికి మొక్కల్ని గేదెల కొట్టం చూరు మీద పెట్టారు. తర్వాత రోడ్లశాఖ వచ్చింది. కట్ట మీది రోడ్డు మూడు మైళ్ళు తాడు లాగినట్టు తిన్నగా ఉంటుంది. దాని మీద ప్రతి ఫర్లాంగుకీ "ఘాట్ రోడ్డు, మలుపుల వద్ద హారన్ కొట్టండి" అని బోర్డులు పాతారు. బస్సు డ్రైవరు చట్టానికి భయపడే మనిషి. మలుపు లేకపోయినా హారన్ మోగిస్తూ రెండో గేరులో నడిపేవాడు. బస్సు గంట ఆలస్యం అవడం, దారిలో కొంగలన్నీ లేచిపోవడం మొదలైంది.

మార్చిలో ఎండలకి ఒంటిపూట బడులు పెట్టారు. అదే వారం బడికి ఉన్ని స్వెట్టర్లు వచ్చాయి. పిల్లలు తొడుక్కున్న ఫోటో పంపితేనే రసీదు ఇస్తామన్నారు కాబట్టి హెడ్మాస్టరు వాళ్ళని పదకొండింటికి ఎండలో నిలబెట్టి, ఒకటి రెండు అని లెక్కపెట్టి ఫోటో తీసి, వెంటనే అందరినీ కాలవలోకి దూకించాడు. మలేరియా వాళ్ళయితే రావడమే మానేశారు. ఆ ఎత్తులో దోమలు బతకవని వాళ్ళ మార్గదర్శకాల్లో ఉందట. జమ్ములంక దోమలు ఆ మార్గదర్శకాలు చదవలేదు.

ఈలోగా మా పని కూడా నడిచింది. దక్షిణపు గట్టు పక్కన ఎకరాల కొద్దీ తుంగ పీకించి పాపిరస్ నాటించాం. ఆఫ్రికా నుంచి తెప్పించినట్టు ఫైల్లో ఉంది, లారీ మాత్రం కడియం నర్సరీల వైపు నుంచి వచ్చింది. నాంచారమ్మ ఒక కాడ విరిచి, నలిపి, వాసన చూసింది.

"ఇది మా తుంగే గదయ్యా. కాత్త తిని బలిసింది, అంతే," అంది.

అది నిజమే. రెండూ ఒకే కుటుంబమని పుస్తకంలో ఉంది. ఆ మాట డిప్యూటీ డైరెక్టరు గారితో అంటే, కుటుంబ విషయాల్లో శాఖ జోక్యం చేసుకోదన్నారు.

నెలనెలా పైకి నివేదిక పంపాలి. "పక్షి వచ్చినదా" అన్న ప్రశ్నకి లేదు అని రాస్తే సంజాయిషీ అడుగుతారు. అందుకని "ప్రయాణంలో ఉన్నది" అని రాసేవాళ్ళం. రెండో నెల "ప్రయాణం పురోగతిలో ఉన్నది" అని రాశాం. మూడో నెల "ప్రయాణం సంతృప్తికరం."

ఏప్రిల్‌లో ఒక సోమవారం నాంచారమ్మ తిన్నగా మా మేడ మీదికే వచ్చింది. చేతిలో కాగితం ఉంది. కింద ఆఫీసులో చదివి చెప్పలేదట, పైకెళ్ళు అన్నారట. నేను చదివాను.

"సముద్రమట్టానికి 1134 మీటర్ల ఎత్తున గల గ్రామమునకు వరద ముప్పు సాంకేతికముగా అసంభవమైనందునను, అట్టి ఎత్తునకు నీరు చేరిన పక్షమున రాష్ట్రము యావత్తు అప్పటికే మునిగియుండును గనుకను, జమ్ములంక గండి పూడ్చు పని ఇందుమూలముగా రద్దు చేయడమైనది."

"అంటే?" అంది.

"గండి పూడ్చరట."

"ఎందుకు పూడ్చరు?"

"మీ ఊరు కొండ మీద ఉందట."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను ఎగతాళి చేస్తున్నానేమో అనుకుంది. చేయడం లేదని తెలిశాక స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిన్న మా ఇంటి ముందర నత్తలేరుకున్నానయ్యా. కొండ మీద నత్తలుంటాయా? ఎవడు ఎక్కించాడు మమ్మల్ని కొండ?"

ఎక్కించింది నేనే. ఆ మాట చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఆవిడ వెళ్ళగానే కింద నీటిపారుదల ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన మంచివాడు. "ఆ రద్దు కాగితం మీద నేను లంకలో మోకాల్లోతు నీళ్ళలో నిలబడి సంతకం పెట్టానండీ," అన్నాడు బాధగా. "నా కాళ్ళకి తెలిసింది కంప్యూటర్‌కి తెలియదు గదా. మీరు ఎత్తు దించండి, నేను రేపే మట్టి తోలిస్తాను."

దించుదామని పోర్టల్ తెరిచాను. ఎత్తు పెంచాలంటే ఏ కారణమూ అడగదు. తగ్గించాలంటే మాత్రం కారణం చూపించాలి. ఉన్నవి రెండే: భూకంపం, కొండచరియ విరిగిపడుట. టైపు పొరపాటు అన్న కారణం ఎంత వెతికినా కనబడలేదు. పొరపాట్లు జరగవన్న నమ్మకంతో కట్టిన పోర్టల్ అది. భూకంపానికి పైనుంచి శాస్త్రవేత్తల ధ్రువపత్రం కావాలి, కొండచరియకి మా డిప్యూటీ డైరెక్టరు గారి సంతకం చాలు. వెళ్ళి అడిగాను.

"కొండ విరిగిన యెడల పక్షి ఎచ్చట వాలును?" అన్నారాయన. "పథకము ఏమగును? నేను ఏమగుదును?"

మూడో ప్రశ్న అసలైనది కాబట్టి నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

మే నెలంతా నాంచారమ్మ వస్తూనే ఉంది. ఇప్పుడు కింద ఆగడం లేదు, తిన్నగా నా బల్ల దగ్గరికే. ఒకసారి కాఫీ మొక్క తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒకసారి గండి వెడల్పు తాడుతో కొలిచి, ఆ తాడు తెచ్చి ఆఫీసు వరండా పొడవునా పరిచి చూపించింది. వరండా చాలక తాడు మెట్ల మీదికి దిగింది. "ఈ యెడల్పున వత్తాయయ్యా నీళ్ళు. నిరుడు మా సీతాలు చెయ్యి నా చేతిలోనే ఉంది. పట్టుకునే ఉన్నాను. నీళ్ళకి నాకంటే బలమెక్కువ," అంది. సీతాలు ఆవిడ తోటికోడలు. మా ఆఫీసులో అందరూ కాసేపు ఫైళ్ళు చూసుకున్నారు.

జూన్ మొదటి వారంలో, తొలకరి పడ్డ మర్నాడు, పిడుగులాంటి ఉత్తరం ఒకటి వచ్చింది. పథకానికి సాయం చేస్తున్న విదేశీ సంస్థ నుంచి ఇద్దరు నిపుణులు ఇరవయ్యో తారీకున జమ్ములంక వచ్చి పక్షి పాట వింటారట.

డిప్యూటీ డైరెక్టరు గారు ఆ రోజు భోజనం చేయలేదు. అత్యవసర సమావేశం పెట్టారు. పాపిరస్‌లో లౌడ్‌స్పీకరు దాచి పిట్ట కూత వేద్దామని సూపరింటెండెంటు అన్నాడు. వేసి చూశాం. ఆడ కూతా మగ కూతా కలిపి వేసేసరికి లంకలో కాకులన్నీ వచ్చి స్పీకరుని పొడిచాయి. గోరింకలకి రంగు వేద్దామని స్టోర్సు గుమాస్తా అన్నాడు. పట్టిన ఒక్క గోరింకా అతని వేలు కొరికి, సగం రంగుతో ఎగిరిపోయింది. ఇప్పటికీ ఊళ్ళో అక్కడక్కడా కనబడుతుంది.

అప్పుడు నేను మెల్లిగా అన్నాను. "అయ్యా, కొండే విరిగిపోతే వాళ్ళు పక్షిని అడగరు కదండీ."

ఆయన మొహం విచ్చుకుంది. అంత వెలుగు ఆయన మొహంలో పదోన్నతి రోజున కూడా చూడలేదు.

"కొండచరియలు!" అన్నారు కుర్చీలోంచి లేచి. "ఎంత ఘోరము! ఎంత విషాదము! వెంటనే విరచండి సోమయాజులు గారూ!"

అందరూ నా కంప్యూటర్ చుట్టూ చేరారు. పాత ఎత్తు 1134, కొత్త ఎత్తు 2, కారణం కొండచరియ. తర్వాత "మృతుల సంఖ్య" అని గడి వచ్చింది. సున్నా కొట్టాను. ఎర్ర అక్షరాలు: "వెయ్యిన్నూట ముప్పై రెండు మీటర్ల కొండ విరిగిన ఊరిలో ఒక్కరూ మరణించలేదనుట నమ్మశక్యముగా లేదు." అంతవరకూ అన్నీ నమ్మిన పోర్టల్ అక్కడ ఆగింది. కనీసం ఒక్క మనిషి పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు కావాలంది.

"అభ్యంతరములు లేని వ్యక్తి ఎవరైనా..." అని డిప్యూటీ డైరెక్టరు గారు ఒక్కొక్కరి వైపూ చూశారు. సూపరింటెండెంటు తనకి ఇంకా రెండేళ్ళ సర్వీసుందన్నాడు. స్టోర్సు గుమాస్తా కట్టు కట్టిన వేలు చూపించాడు. సీతాలు పేరు రాద్దామని నేను అన్నాను. పోయినవాళ్ళే కదా అని.

"రాయలేరు," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

నాంచారమ్మ. ఆ రోజు సోమవారం.

"అది నీళ్ళల్లో పోయిందని నిరుడు రాసుకోమంటే శవం లేదన్నారు మీరే. తప్పిపోయిందని రాసుకున్నారు. ఇప్పుడు మట్టిలో పోయిందని ఎట్టా రాత్తారు?" అంటూ లోపలికి వచ్చింది. సంగతి ఏమిటని నన్ను అడిగింది. దాచకుండా చెప్పాను. అంకె కొట్టింది నేనేనని కూడా అప్పుడే చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఒక మనిసి చాలా?" అంది.

"చాలు."

"మనిసిని రాత్తే ఊరు కిందకి దిగుద్దా? దిగితే గండి పూడుత్తారా?"

"పూడుస్తారు."

"అయితే నన్ను రాసుకో. నిజంగా పోయినోళ్ళని రాసుకోరు, బతికున్నోళ్ళని రాసుకుంటే పని అవుద్దంటున్నారు. రాసుకో. బలే నాంచారమ్మ. మొగుడి పేరు పోతురాజు."

"అమ్మా, ఆలోచించుకో. రేషను..."

"మా కోడలి కార్డుంది. రాయవయ్యా, పైన మబ్బు పట్టింది."

"వయసు?" అని అడిగాను.

"నలభై ఎనిమిది రాయి. చచ్చేటప్పుడైనా చిన్నదాన్లా పోతాను."

నొక్కాను. గడి పచ్చబడింది. జమ్ములంక రెండు మీటర్లకి దిగింది. డిప్యూటీ డైరెక్టరు గారు రెండు నిమిషాలు మౌనం పాటింపజేశారు. నాంచారమ్మ కూడా లేచి నిలబడి పాటించింది.

కిందికి పరిగెత్తి ఇంజినీరుకి చెప్పాను. ఆయన ఫైలు తీశాడు, సంతోషించాడు, అంతలో తెర చూసి నుదురు కొట్టుకున్నాడు. ప్రమాదస్థలంలో మృతదేహం కోసం వెతుకులాట పూర్తయ్యేదాకా ఏ ఇతర పనులూ చేపట్టరాదట. ఆవిడని చంపి కూడా గండి పూడ్చలేకపోయానని నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజులకి పర్వత ప్రమాద సహాయ దళం దిగింది. ఉత్తరాంధ్ర కొండల్లోంచి నలభై మంది, గునపాలు, పారలు, ఖాళీ బస్తాలు, తాళ్ళు, ఇనప టోపీలు. దళపతి పేరు బోనంగి సింహాద్రి, పాడేరు వైపు మనిషి. లారీ దిగి కట్ట మీద నిలబడి నాలుగు దిక్కులూ చూశాడు. కనుచూపుమేర నీళ్ళు, తుంగ, పాపిరస్, కొంగలు.

"కొండేదండీ?" అన్నాడు.

"విరిగిపోయిందండి."

"మొత్తమా?"

"మొత్తం."

సింహాద్రి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసండి నాది. ఇంత సుబ్బరంగా విరిగిన కొండని ఎక్కడా చూల్లేదు," అన్నాడు.

వాళ్ళని లంకలోకి తీసుకెళ్ళడానికి దోనె కావాలి. దోనె వేసుకుని నాంచారమ్మే వచ్చింది. నేను గతుక్కుమన్నాను. ఆవిడ మాత్రం తెడ్డు వేస్తూ వాళ్ళతో మామూలుగా కబుర్లు చెప్పింది. ఎక్కడ వెతకమంటావమ్మా, ఆవిడ ఎక్కడ పడి ఉంటాది, అని సింహాద్రి అడిగాడు. గండికి యాభై గజాల్లో ఎప్పటిదో కాలవ తవ్విన మట్టి దిబ్బ ఒకటుంది, ఇల్లంత ఎత్తున. దాన్ని చూపించింది.

"దాని కిందే ఉంటదయ్యా. తవ్వండి."

"తవ్విన మట్టి ఎక్కడెయ్యాలమ్మా? మళ్ళీ జారకుండా బస్తాల్లో కుక్కి, దూరంగా పేర్సాల. రూలండి."

నాంచారమ్మ గండి వైపు చెయ్యి చూపించింది. "అదుగో, ఆ పల్లంలో పేర్చండి. ఎవరికీ అడ్డం ఉండదు."

మూడు రోజులు తవ్వారు. సన్నగా వాన పడుతూనే ఉంది. కొండల్లో రాళ్ళు తవ్విన చేతులకి ఆ ఒండ్రుమట్టి వెన్నముద్దలా వచ్చిందట. బస్తా మీద బస్తా గండిలోకి దిగింది. లంక ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి మట్టి తొక్కారు. బస్తాల మధ్య సందుల్లో పెట్టడానికి గడ్డి మోపులు కావాలన్నాడు సింహాద్రి. తుంగ మేం పీకించేశాం కదా, మిగిలింది పాపిరస్. నాంచారమ్మ కొడవలి తీసుకుని నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. సాయంత్రానికి అరుణోదర నళవాసిని ఆవాసం మొత్తం కట్టలు కట్టలుగా గండిలో పడుకుంది. ఆ గడ్డి ఎందుకైనా పనికొచ్చింది అంటే అది ఆ రోజే.

మూడో రోజు పొద్దు వాలేసరికి దిబ్బ అయిపోయింది, గండి మూసుకుపోయింది. శవం దొరకలేదు. సింహాద్రి చేతులు కడుక్కుని వచ్చి నాంచారమ్మ ముందు నిలబడ్డాడు.

"సెమించమ్మా. సేసినంతా సేసినాం. ఆవిడ నీకేటవుతాది?"

"దగ్గర మనిసే బాబూ."

"మంచి మనిసేనా?"

"నోరు పెద్దది."

సింహాద్రి కాసేపు ఆవిడ వైపు, కాసేపు కట్ట వైపు చూశాడు. బూటుకాలితో కట్టని రెండుసార్లు గట్టిగా తొక్కి చూసుకున్నాడు. "మనిసి దొరకలేదు గానీ, మట్టి బాగా కుదిరిందమ్మా," అని లారీ ఎక్కాడు.

విదేశీ నిపుణులు ఇరవయ్యో తారీకున వచ్చి, పక్షి వచ్చే దారిలో ఉండగా గమ్యం కూలిపోయిన సంగతి విని చలించిపోయారు. డిప్యూటీ డైరెక్టరు గారు చేతిరుమాలు తీసి కళ్ళద్దుకున్నారు. పక్షి వెనుదిరిగినట్టు ఫైలు ముగించాం. మా విభాగాన్ని మూసేస్తారేమో అనుకున్నాను. మూయలేదు. కొండ విరిగిన ప్రాంతంలో మళ్ళీ కొండ పెంచే పథకానికి ప్రతిపాదనలు పంపమన్నారు.

జూలై చివర్లో వరద వచ్చింది. నేను సెలవు పెట్టి లంకకి వెళ్ళాను. ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది. పొద్దున్నించి నీళ్ళు పెరుగుతూ పెరుగుతూ కట్ట అంచుకి జానెడు కిందదాకా వచ్చి నిలబడ్డాయి. నాంచారమ్మ కొత్త మట్టి మీద చతికిలబడి రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది, ఒళ్ళు కాలుతున్న పిల్లని పట్టుకున్నట్టు. మధ్యాహ్నం మూడింటికి నీళ్ళు ఒక వేలు తగ్గాయి. తర్వాత ఇంకో వేలు. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. నాంచారమ్మ లేచి, చీర దులుపుకుని, సీతాలు పేరు ఒకసారి పైకే అని, పొయ్యి ముట్టించడానికి వెళ్ళిపోయింది. నాకు కడుపు నిండిపోయింది.

శ్రావణమాసంలో నేను ఇంకో ఫారం పట్టుకుని వెళ్ళాను. మృతుల జాబితాలోంచి పేరు తొలగించడానికి మరణించిన వ్యక్తి స్వయంగా హాజరై, తాను మరణించలేదని ఇద్దరు సాక్షులతో సంతకం చేయాలి. మొదటి సాక్షి సంతకం నేనే పెట్టి తీసుకెళ్ళాను. నాంచారమ్మ అరుగు మీద చాప నేస్తోంది.

"సంతకం పెట్టమ్మా. నిన్ను బతికించేస్తాను. నా మనసు కుదుటపడుతుంది," అన్నాను.

ఆవిడ కాగితం తీసుకుని తిరగేసి చూసి, మడిచి నా చేతిలోనే పెట్టింది.

"నేను బతికున్నప్పుడు సంవత్సరం తిరిగాను మీ ఆఫీసు చుట్టూ. ఒక్క తట్ట మట్టి పడలేదు. చచ్చాక మూడు రోజుల్లో నలభై మంది వచ్చారు. ఇప్పుడు నన్ను బతికించి ఏం చేత్తావు?"

ఆవిడ తుంగపోచ ఒకటి పంటితో కొరికి, చాపలోకి దోపి, ఉత్తరం వైపు గడ్డం ఎగరేసింది.

"అటేపు గట్టు కూడా పల్చబడిందయ్యా. వేసవిలో మళ్ళీ వెతకమని రాయి. నేను దొరక్కుండా చూసుకుంటాలే."